ఎదురుకాళ్ల మనిషి

కనకలక్ష్మి తల్లి కడుపులోంచి కాళ్లు ముందుపెట్టి బయటికొచ్చింది. అలా పుట్టినవాళ్ల కాలు తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని గోపన్‌పల్లిలోనే కాదు, చుట్టుపక్కల నాలుగూళ్లలోనూ నమ్మకం. ఆదివారం, మంగళవారం తెల్లవారేసరికి ఆమె వాకిట్లో ఎవరో ఒకరు చాప మీద బోర్లా పడుకుని ఉంటారు. ఆమె మొహమైనా కడుక్కోకుండా, ఎవరితోనూ పలక్కుండా వచ్చి, ఎడమకాలి మడమ నడుము మీద మూడుసార్లు ఆనించి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోతుంది. దానికి ఏమీ పుచ్చుకోదు. పుచ్చుకుంటే కాలి గుణం పోతుందని కాపురానికొచ్చిన కొత్తలోనే అత్త మల్లమ్మ కట్టడి చేసింది. పడుకున్నవాళ్లు లేచి, నడుము అటూ ఇటూ తిప్పి చూసుకుని, పోయిందని చెప్పి వెళతారు. నిజంగానే పోయిందో, అంత పొద్దున్నే లేచి వచ్చినందుకు పోయినట్టు అనిపించిందో ఎవరూ ఆరా తీయలేదు.

తొంభై తొమ్మిది నవంబరు చివరి ఆదివారం ఇద్దరు వచ్చారు, ఇద్దరికీ పోయింది. వాళ్లను పంపించి కనకలక్ష్మి పొయ్యి మీద నీళ్లు కాచింది. కూతురు హర్షిణికి తలంటాలి.

తలంటంటే ఇప్పుడు ఆ ఇంట్లో పెద్ద తతంగం. హర్షిణి పదో తరగతి. పదకొండో ఏట మొదలై ఆ పిల్ల వెన్ను పక్కకు వంగుతూ వంగుతూ, పద్నాలుగు దాటేసరికి ఒక భుజం పైకి లేచి, ఒక తుంటి బయటికి పొడుచుకొచ్చింది. మే నెల సెలవుల్లో నగరంలోని పెద్ద దవాఖానాలో ఆపరేషన్ చేశారు. వెన్నుకు రెండు పక్కలా రెండు ఉక్కు కడ్డీలు బిగించి, తుంటిలోంచి ఎముక ముక్కలు తీసి పూసల మధ్య పేర్చారు. ఆ ముక్కలు కలిసి గట్టిపడితే వెన్నంతా ఒకటే ఎముక అవుతుంది. ఆ తర్వాత అది వంకర పోదు. వంగనూ వంగదు. అందుకని తల ముందుకు వాల్చి స్నానం చేయడం ఆ పిల్లకు కుదరదు. ఎత్తు స్టూలు మీద నిటారుగా కూర్చుని తువాలు కళ్లకు అడ్డం పెట్టుకుంటే, తల్లి వెనక నిలబడి కుంకుడుకాయ రసం పోసి రుద్దాలి.

కనకలక్ష్మికి ఆ పని ఇష్టం. నడినెత్తిన మొదలుపెట్టి మెడ దాకా వేళ్లతో పామి, ఒక్కొక్క పాయ పిండుతుంది. మెడ కింద నుంచి నడుము దాకా ఉన్న మచ్చ మీద మాత్రం చెయ్యి పడనివ్వదు, నీళ్లే జారవిడుస్తుంది. ఆపరేషన్ తర్వాత పిల్ల రెండంగుళాలు పొడుగైంది. స్కూలు లంగా అంచులు రెండుసార్లు విప్పి కుట్టారు. ఊళ్లో ఆడవాళ్లు దారిలో ఆపి, చుట్టూ తిరిగి చూసి మరీ పంపించేవాళ్లు. డాక్టరుది సగం, మా కోడలి కాలుది సగం అని మల్లమ్మ అందరితోనూ చెప్పుకునేది. ఆ సగం విని కనకలక్ష్మి నవ్వేది గానీ, కాదనలేదు.

ఆ వేళ కుంకుడు నురగకు జారి చెయ్యి మచ్చ పక్కకు వెళ్లింది. నడుముకు జానెడు పైన, ఎడమ వైపు, చర్మం కింద ఏదో తగిలింది. చింతగింజంత గట్టిది. పోయిన ఆదివారం అది లేదు, ఉంటే తెలిసేది. ఇంకోసారి వేలు పెట్టి చూసింది. హర్షిణి భుజాలు ఒక్క క్షణం బిగుసుకుని మళ్లీ వదులయ్యాయి. నొప్పేమన్నా ఉందా అని అడిగితే లేదంది. నీళ్లు చల్లారుతున్నయి, తొందరగా పొయ్యమంది.

కనకలక్ష్మి చేతిలో చెంబు ఆగిపోయింది. రెండు వారాల కిందట, దీపావళి అయిన తర్వాతి ఆదివారం, పిల్ల తలుపు పట్టుకుని మెట్టు దిగుతూ పెదవి కొరుక్కోవడం ఆమె చూసింది. వాకిట్లో చాప పరిచే ఉంది. పడుకోమంది. ఎడమ మడమ మూడుసార్లు ఆనించింది. పువ్వు పెట్టినంత మెల్లగానే ఆనించింది. పిల్ల లేచి పోయిందమ్మా అంది.

వెన్ను మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని, మాలీషులు, కట్లు, తొక్కించుకోవడాలు పనికిరావని దవాఖానా నుంచి పంపించేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు. కనకలక్ష్మి శ్రద్ధగానే విన్నది. హఫీజ్‌పేట్‌లో నూనె పెట్టి నడుములు విరిచే ముసలాయన దగ్గరికి పోవద్దని చెబుతున్నాడనుకుంది. ఆ మాట తన కాలికి కూడా వర్తిస్తుందని అప్పుడు ఆమెకు తట్టనే లేదు. ఇప్పుడు తట్టింది. బిడ్డ వెన్ను నేనే విరగ్గొట్టిన అనుకుంది.

బుధవారం ఎలాగూ దవాఖానాలో చూపించుకునే రోజు. మధ్యలో రెండు రోజులున్నాయి.

*

సోమవారం పనికి పోయింది. పోకపోతే అత్త కారణం అడుగుతుంది. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన గుండ్రటి పెద్ద మేడ ముందు పచ్చిక పెంచే కాంట్రాక్టరు దగ్గర ఆమె ఏడాదిగా తోటపని చేస్తోంది. పదిమంది ఆడవాళ్లు వరసగా గొంతుకూర్చుని, కుర్పీలతో కలుపు పీకుతూ చదరం చదరంగా ముందుకు జరుగుతారు. రాళ్ల గుట్టల మధ్య ఆ కాస్త పచ్చదనం ఫొటోలకు బాగుంటుందని రోజూ తడుపుతారు. కనకలక్ష్మి చేయి ఆ రోజు తుంగ వేరునీ, పచ్చిక వేరునీ ఒకటే చేసి పీకింది. పక్కనున్న లక్ష్మమ్మ రెండుసార్లు చూసి, మూడోసారి పీకిన గడ్డిని మళ్లీ గుంటలో పెట్టి అదిమింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక లక్ష్మమ్మ ఒకబ్బాయిని వెంటబెట్టుకొచ్చింది. మెడలో కార్డు వేలాడుతోంది. పేరు హేమంత్, కడప వైపు వాడు, నాలుగో అంతస్తులో కంప్యూటర్ పని. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందట. మా ఊళ్లోనూ ఇట్లాంటి అవ్వ ఒకామె ఉండేదమ్మా, చిన్నప్పుడు మా నాయన్ని తీసుకుపోయినాము అని చెప్పి, కొంచెం సిగ్గుపడుతూ నవ్వాడు. చెట్టు చాటున కర్చీఫ్ పరుచుకుని పడుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు.

కనకలక్ష్మి తన పాదం వైపు చూసుకుంది. తడి మట్టి, రెండు గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆ పాదాన్ని ఆమె ప్రత్యేకంగా చూసుకున్నది లేదు. ఇప్పుడు దాన్ని చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

"నా కాలు మంచిది కాదు సారూ. వేరే దగ్గర చూపించుకో" అంది.

లక్ష్మమ్మకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు. కనకలక్ష్మికి అది నయంగానే ఉంది. ఎవరన్నా పలకరిస్తే ఏడుస్తానేమోనని ఆమె భయపడుతోంది.

*

మంగళవారం పొద్దున వాకిట్లో ఆటో ఆగింది. నల్లగండ్ల నుంచి ఎల్లయ్య అనే తాపీమేస్త్రీని ఇద్దరు కొడుకులు రెక్కలు పట్టుకుని దించారు. సిమెంటు బస్తా ఎత్తుతుంటే నడుములో కలుక్కుమందట, మూడు రోజులుగా పక్క మీదే ఉన్నాడు. చాప మీద బోర్లా పడుకోబెట్టేసరికే పాపం చెమటలు పట్టాయి.

కనకలక్ష్మి తలుపు దాటి రాలేదు. మల్లమ్మ లోపలికొచ్చి పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి గొంతు పెంచి, ఏందే, బయట మనిషి పానం పోతుంటే లోపట కూసున్నవ్ అని గదమాయించింది. కనకలక్ష్మి గోడకు ఆనుకుని, తనకు చేతకాదని, పంపించెయ్యమని చెప్పింది. ఆ ఇంటి గడప దగ్గరికి వచ్చిన నడుమును కాదని పంపడం మల్లమ్మ ఎరగదు. ఆవిడ బయటికి పోయి, కోడలికి ఒంట్లో బాగాలేదని చెప్పి, వాళ్లు ఆటో ఎక్కేదాకా తలవంచుకుని నిలబడింది. ఎల్లయ్య పెద్దకొడుకు పోతూ పోతూ, హైటెక్ సిటీ సార్లకైతే తొక్కుతదేమో అన్నాడు. ఆ మాట మూడిళ్లవతలి దాకా వినపడింది.

హర్షిణి స్కూలు బట్టలు వేసుకుని, ఆపరేషన్ తర్వాత దవాఖానాలో ఇచ్చిన గట్టి ప్లాస్టిక్ బెల్టు ఛాతీకి బిగించుకుంటూ ఇదంతా చూసింది. పట్టీ లాగుతున్న చెయ్యి సగంలో ఆగింది.

"ఎందుకు తొక్కలేవమ్మా?" అని అడిగింది.

కనకలక్ష్మి వచ్చి పట్టీలు తనే బిగించింది. పై పట్టీ, నడిమి పట్టీ, కింది పట్టీ. ఎడమ వైపు గింజంత ఎత్తు ఉన్నచోట పట్టీ వదులు చేసి మళ్లీ బిగించింది. హర్షిణి మెడ తిప్పలేదు గానీ, ఆ తేడా ఆ పిల్లకు తెలిసింది. ఆ రోజు అన్నం డబ్బా మరిచిపోయి స్కూలుకు వెళ్లిపోయింది.

డబ్బా ఇచ్చి రమ్మన్నప్పుడు కనకలక్ష్మి మొగుడితో నిజం చెప్పింది. సాయిలు ఆటో నడుపుతాడు, కోపం తొందరగా వచ్చే మనిషి. తిడతాడనుకుంది, తిడితే బాగుండుననీ అనుకుంది. అతను గుడ్డ తీసుకుని ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే చాలాసేపు తుడిచాడు. చివరికి, పిల్లకు చెప్పకు, నీ మీద నమ్మకం పోతది అన్నాడు. డబ్బా ముందు పెట్టుకుని వెళ్లిపోయాడు.

*

బుధవారం గోపన్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ప్రతి గుంట దగ్గరా సాయిలు ఆటోని దాదాపు ఆపి, చక్రం చక్రం విడివిడిగా దింపి ఎక్కించాడు. వెనక హారన్లు మోగుతున్నా చెవిన పెట్టలేదు. కొత్త రోడ్డు కోసం బండలు పేల్చే చోట పావుగంట ఆగాల్సి వచ్చింది. హర్షిణి రెండు చేతులతో ముందు కమ్మీ పట్టుకుని, సీటుకు ఆనకుండా కూర్చుంది. కనకలక్ష్మి ఆ పిల్ల మొహాన్నే చూస్తూ కూర్చుంది. ఆ మొహంలో ఏమీ కనిపించలేదు.

దవాఖానాలో ఎక్స్‌రే తీసి, తడి ఆరని ఫిల్మును డాక్టరు వెంకటనారాయణ లైటు పెట్టెకు తగిలించాడు. ఆపరేషన్ చేసింది ఆయనే. ఫిల్ము దగ్గరికి వంగి చూశాడు. తర్వాత కుర్చీ జరుపుకుని, పెన్సిలు మొనతో చూపించాడు. రెండు కడ్డీల్లో ఎడమది ఒకచోట విరిగింది. పై ముక్కకూ కింద ముక్కకూ మధ్య సన్నటి నల్లటి సందు ఉంది, కింద ముక్క కొస చర్మం వైపు తిరిగింది. దాని కింద వెన్ను మళ్లీ కొంత పక్కకు జారింది.

కనకలక్ష్మి లేచి నిలబడింది. పిల్లకు చెప్పవద్దన్న మొగుడి మాట గుర్తుంది. అయినా ఆగలేకపోయింది.

"నేనే తొక్కిన సారూ. నా కాలుతోటి తొక్కిన. మూడు మాట్ల తొక్కిన" అంది.

సాయిలు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని, ఎదురుకాళ్ల సంగతీ, చాప సంగతీ, దీపావళి తర్వాతి ఆదివారం సంగతీ అన్నీ చెప్పేసింది. నేరం ఒప్పుకునేవాళ్లలా గబగబా, ఏదీ దాచకుండా చెప్పింది. డాక్టరు మధ్యలో అడ్డుపడలేదు. అంతా విని, అలా తొక్కడం తప్పే, ఇంకెప్పుడూ చెయ్యొద్దు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, కడ్డీ విరగడానికి అది కారణం కాదు అన్నాడు. పేర్చిన ఎముక ఒకచోట కలవలేదు, అందువల్ల అక్కడ కదలిక మిగిలిపోయింది, ఆ కదలిక నెలల తరబడి మోసీ మోసీ లోహం అలిసిపోయి తెగింది. తీగను అటూ ఇటూ వంచుతుంటే ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది కదా, అలా. కొద్దిమంది పిల్లల్లో ఇలా జరుగుతుంది, ఎంత జాగ్రత్తగా చేసినా జరుగుతుంది. మళ్లీ తెరిచి, రెండో తుంటి నుంచి ఎముక తీసి పెట్టి, కొత్త కడ్డీ వెయ్యాలి.

"మడమ ఆనిస్తే విరిగే కడ్డీలు కావమ్మా ఇవి. నీ కాలు దీన్ని ఏమీ చెయ్యలేదు" అన్నాడు.

కనకలక్ష్మి కూలబడింది. మూడు రోజులుగా గుండె మీద ఉన్న బండ దిగినట్టే అయింది, కానీ ఊపిరి తీసుకునే లోపల డాక్టరు ఇంకో మాట అన్నాడు. విరగ్గానే వచ్చి ఉంటే వెన్ను ఇంత జారేది కాదట. విరిగినప్పుడు పిల్లకు తప్పకుండా తెలిసి ఉంటుంది, నొప్పి అని చెప్పలేదా అని అడిగాడు. చెప్పలేదని సాయిలు అన్నాడు. పిల్ల ఒక్కనాడన్నా అబ్బా అనలేదని, అంత ఓర్పుగలదని కొంచెం గర్వంగా కూడా అన్నాడు.

హర్షిణి లైటు పెట్టె వైపు చూస్తూ, నాకు ఎరుకే అంది. దసరా సెలవులకు ముందే, క్లాసులో పెన్ను కింద పడితే తీసుకుందామని మోకాళ్ల మీద దిగుతుంటే లోపల టక్కుమని చప్పుడైందట. ఎవరో చెక్క విరిచారేమోనని పక్క పిల్ల వెనక్కి చూసిందట. ఆ రోజు నుంచి అక్కడ పొడుస్తూనే ఉందట.

దసరాకు ముందంటే రెండు నెలలు. డాక్టరు రాసుకోవడం ఆపి పిల్లను చూశాడు. ఎందుకు చెప్పలేదని ఆయన అడగలేదు. ఈ వారంలోనే చేర్చుకుంటామని కాగితం రాసి సాయిలు చేతికిచ్చి, కింద ఆఫీసుకు పంపించాడు.

బయట నడవాలో చెక్క బెంచీ మీద తల్లీకూతుళ్లు కూర్చున్నారు. ఎదురుగా ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. కనకలక్ష్మి పైట కొంగు మడిచింది, విప్పింది.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

హర్షిణి బెల్టు పైపట్టీ కొసను గోటితో గీకుతోంది.

"చెప్తే మళ్ల చాప ఏస్తవు గద" అంది. "తొక్కినంక కూడ పోలేదంటే మంచిగుండదు. ఊర్ల అందరికి పోతది. నీ బిడ్డకే పోలేదంటే ఏమనుకుంటరు?"

కనకలక్ష్మికి ముందు ఆ మాట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమవుతున్న కొద్దీ అది వెనక్కి వెనక్కి పోయింది. దీపావళి దాటి, ఆపరేషన్ దాటి, పిల్ల పదకొండేళ్లప్పటి దాకా పోయింది. అప్పట్లో ప్రతి ఆదివారం, ప్రతి మంగళవారం, అందరికంటే ముందు ఈ పిల్లే చాప మీద పడుకునేది. మూడేళ్లు పడుకుంది. ప్రతిసారీ లేచి పోయిందని నవ్వేది. పోయిందంటోంది కదా అని తను దవాఖానాకు తీసుకుపోలేదు. చివరికి స్కూల్లో డ్రిల్లు సారు చూసి కబురు పెడితే గానీ పోలేదు. పన్నెండేళ్లప్పుడు తెచ్చి ఉంటే ఒట్టి బెల్టుతోనే ఆగేదేమో అని ఇదే డాక్టరు మొదటి రోజు అన్నాడు. పెద్ద డాక్టర్లు అందరినీ అలాగే అంటారులే అని అప్పుడు సరిపెట్టుకుంది.

"చిన్నప్పుడు గూడ పోలేదా?" అని అడిగింది.

హర్షిణి తల అడ్డంగా ఊపింది. మెడ దాకానే తిరిగింది, కింద ఒళ్లు కదల్లేదు.

"ఒక్కపారి గూడ?"

"ఒక్కపారి గూడ పోలేదమ్మా. నువ్వు లోపలికి పొయ్యి నాయనమ్మకు చెప్పుకుంటుంటివి. సంతోషపడుతుంటివి."

డాక్టరు చెప్పింది ఇప్పుడు పూర్తిగా తలకెక్కింది. ఆమె కాలు దేన్నీ విరగ్గొట్టలేదు, దేన్నీ బాగుచెయ్యనూ లేదు. పదకొండేళ్ల పసిది తల్లి పేరు నిలబెట్టడానికి నొప్పిని లోపలే మింగింది. అమ్మ దగ్గర అమ్మా అని ఏడ్చే భాగ్యం కూడా లేకుండా చేశాను కదా అనుకుంది. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి, తుడుచుకోలేదు. హర్షిణి కంగారుపడి, అప్పుడు ఎక్కువ లేదమ్మా, జర్రంతనే ఉండె, ఫికర్ చెయ్యకు అని మొదలుపెట్టింది.

"అగో, మళ్ల గట్లనే అంటున్నవ్" అంది కనకలక్ష్మి. "నాకోసం చెప్పకు. ఇప్పుడు ఎక్కడెక్కడ నొస్తుందో అంత చెప్పు. నేనేం చెయ్య. చాప ఎయ్య. ఊకె ఇంట."

పిల్ల నమ్మలేనట్టు చూసింది. ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికే సెలవేమో ఇదన్నట్టు, మెల్లగా మొదలుపెట్టింది. ఇరిగిన కాడ పొడుస్తది అంది. ఎముక తీసిన తుంటి మెట్లెక్కేటప్పుడు వెన్నుకంటే ఎక్కువ గుంజుతుందంది. బెల్టు చంక కింద కోస్తుందట, చలికాలం ఇంకా ఎక్కువట. మచ్చ పక్కన రెండు వేళ్ల మేర గిచ్చినా తెలియదట, దాని పక్కనే గాలి తగిలినా మంటట. క్లాసులో నాలుగో పీరియడ్ అయ్యేసరికి బల్ల మీద వాలాలనిపిస్తుంది, వాలడానికి ఒళ్లు వంగదు, అందుకని నీళ్లు తాగే వంకతో లేచి బయట గోడకు ఆనుకుని నిలబడుతుంది. ఆటో గుంటలో పడితే పళ్ల దాకా వస్తుంది. నాన్న మెల్లగా నడిపినా వస్తుంది.

చెబుతూ చెబుతూ ఒకచోట ఆగింది. "శానా నొస్తుందమ్మా" అని, ఎదురుగా గోడను చూస్తూనే ఏడ్చింది. ఒడిలోకి వంగడానికి లేదు కనక కూర్చున్నది కూర్చున్నట్టే ఏడ్చింది. కనకలక్ష్మి బెంచీ దిగి కింద నేల మీద కూర్చుని, పిల్ల మొహం తనకు కనపడేలా తల పైకెత్తి వింది. ఇంకా అని అడిగింది. పిల్ల ఇంకొకటి చెప్పింది.

సాయిలు కాగితాలు పట్టుకుని వచ్చాడు. కింద ఆఫీసులో పేరు పిలుస్తున్నారు, రమ్మన్నాడు. కనకలక్ష్మి అతని వైపు తిరక్కుండానే, జర ఆగుమంది. పిల్ల చెప్పడం ఇంకా అయిపోలేదు.